ఇంటి ప్రొజెక్టర్ మీద 21:9 గేమింగ్: కస్టమ్ రిజల్యూషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దగ్గర పడేసరికి హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలు గేమింగ్ ల్యాప్‌టాప్‌లతో దిగుతారు. భీమవరంలోనో, పాలకొల్లులోనో, అమలాపురంలోనో ఇంట్లో ఒక ప్రొజెక్టర్ ఉంటుంది. రెండూ కలిపి గోడంత వెడల్పున కారు రేసు ఆడాలని కూర్చుంటారు. మామూలు టీవీ ఆకారం 16:9, అంటే వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు; 21:9 అంటే అంతకన్నా వెడల్పైన బొమ్మ. జాబితాలో లేని ఆ సైజుని కంప్యూటర్‌లో మనమే పెట్టుకోవడమే కస్టమ్ రిజల్యూషన్. అక్కడ మొదలవుతాయి సందేహాలు, ఏటా దాదాపు ఇవే. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

## లెక్క చూసుకునేటప్పుడు

మాది మామూలు 1080పి ప్రొజెక్టర్ అండి. దాంట్లో 21:9 నిజంగా వస్తుందా?

వస్తుంది. కాకపోతే ప్రొజెక్టర్ లోపలి ప్యానెల్ ఆకారం మారదు. అందులో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెల్స్ ఉంటాయి, అంతే. 21:9 కావాలంటే వెడల్పంతా వాడుకుని ఎత్తులో కొంత వదిలేయాలి. పేరుకి 21:9 అంటారు గానీ అసలు నిష్పత్తి దాదాపు 2.37, ఆ లెక్కన వచ్చేది 1920×810. పైన 135 వరసలు, కింద 135 వరసలు నల్లగా ఉండిపోతాయి. అంటే కొత్తగా పిక్సెల్స్ ఏమీ కలిసిరావు. కలిసొచ్చేది గేమ్‌లో పక్కలకి కనిపించే దృశ్యం. రోడ్డు పక్క చెట్లు, పక్క లైన్లో వచ్చే కారు, అద్దం, ఇవన్నీ తెరలోకి వస్తాయి. రేసింగ్, ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్లకి ఇది పెద్ద తేడా. కార్డు ఆటలకీ, ఫుట్‌బాల్‌కీ ఈ శ్రమ దండగ.

నా ప్రొజెక్టర్‌కి ఏ అంకెలు పెట్టాలి?

ముందు ప్యానెల్ అసలు రిజల్యూషన్ తెలుసుకోండి. స్పెసిఫికేషన్‌లో "నేటివ్ రిజల్యూషన్" అని ఉంటుంది. "సపోర్టెడ్" అని ఉన్న దాన్ని పట్టించుకోవద్దు. 1920×1080 అయినా, ఆఫీసుల్లో వాడే 1920×1200 అయినా 1920×810 పెట్టండి. 1280×720, 1280×800 రెండిటికీ 1280×540. 3840×2160 అయితే 3840×1620. సోనీ, జేవీసీ వాళ్ల 4096×2160 ప్యానెల్ మీ దగ్గర ఉంటే 4096×1728.

సినిమాలాగా ఇంకొంచెం సన్నటి పట్టీ కావాలంటే 1920×800 లేదా 3840×1600. ఇవి 2.40 నిష్పత్తి. గేమ్‌లో ఈ రెండు నిష్పత్తులకీ తేడా కంటికి ఆనదు. మీ తెర దేనికి కొలిచి కుట్టించారో దాన్ని బట్టి ఎంచుకోండి.

డబ్బా మీద 4కె అని ఉందండి. 3840×1620 పెట్టేయొచ్చా?

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్ అయితే ఆగండి. "4కె సపోర్ట్" అంటే 4కె సిగ్నల్ లోపలికి తీసుకుంటుందని మాత్రమే. దాన్ని కుదించి తన 1280×720 ప్యానెల్ మీద చూపిస్తుంది. ఒక్కోసారి ఆ ప్యానెల్ 800×480 కూడా కావచ్చు. అలాంటి దానికి 3840×1620 పంపితే ల్యాప్‌టాప్ వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. 1280×540 పెట్టండి, గేమ్ కూడా హాయిగా నడుస్తుంది.

అనుమానం తీర్చుకునే మార్గం ఒకటుంది. ఒక నలుపు, ఒక తెలుపు పిక్సెల్ చొప్పున గళ్లున్న చిత్రాన్ని 1920×1080లో, సాగదీయకుండా చూపించండి. దగ్గరికెళ్లి చూస్తే గళ్లు విడివిడిగా కనబడాలి. అలలు అలలుగానో, బూడిద ముద్దగానో కనిపిస్తే ప్యానెల్ అంతకన్నా చిన్నది.

పేరున్న కంపెనీల డిఎల్‌పి (చిన్న చిన్న అద్దాలున్న చిప్‌తో బొమ్మ వేసే రకం) 4కె ప్రొజెక్టర్ల సంగతి వేరు. వాటిలో చాలావరకు 0.47 అంగుళాల చిప్ ఉంటుంది. దాని మీద ఉండేది 1920×1080 అద్దాలే. కానీ ప్రతి ఫ్రేమ్‌నీ నాలుగు స్థానాలకి వేగంగా జరిపి 3840×2160 చూపిస్తుంది. దీనికి 3840×1620 నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

21:9 మోడ్ ఉన్న ప్రొజెక్టరే కొనాలా?

అక్కర్లేదు. ఆ మోడ్ చేసే పని గ్రాఫిక్స్ కార్డు ఉచితంగా చేసిపెడుతుంది. అదనపు డబ్బు పెట్టేదుంటే లెన్స్ జూమ్ ఎక్కువున్న మోడల్ మీద పెట్టండి. 1.33 రెట్లు జూమ్ ఉంటే 16:9 బొమ్మ ఎత్తు తగ్గకుండా 21:9ని పక్కలకి విస్తరించుకోవచ్చు. 1.1, 1.2 జూమ్‌లతో అది పూర్తిగా కుదరదు. చాలా చిన్న ప్రొజెక్టర్లకి అసలు ఆప్టికల్ జూమే ఉండదు. మెనూలో కనిపించే "జూమ్ 50%" లాంటివి డిజిటల్, అవి పిక్సెల్స్‌ని తినేస్తాయి.

మా హాలు గోడ పది అడుగులు. ఎంత బొమ్మ వేసుకోవచ్చు?

100 అంగుళాల 16:9 తెర అంటే వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. జూమ్ ముట్టుకోకుండా దాని మీదే 21:9 వేస్తే వెడల్పు అదే 87, ఎత్తు 37 అంగుళాలకి పడిపోతుంది. పైనా కిందా ఆరేసి అంగుళాలు నలుపు.

49 అంగుళాల ఎత్తు అలాగే ఉంచి 21:9 కావాలంటే వెడల్పు 116 అంగుళాలు, అంటే తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. పది అడుగుల గోడకి సరిగ్గా సరిపోతుంది, కానీ స్పీకర్లకి చోటుండదు. త్రో రేషియో (గోడకి దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.2 నుంచి 1.6 ఉన్న ప్రొజెక్టర్‌ని గోడకి పదకొండున్నర అడుగుల దూరంలో బిగిస్తే జూమ్ ఒక చివర 87 అంగుళాలు, రెండో చివర 116 అంగుళాలు వస్తుంది. ఒకే స్థానం నుంచి రెండు సైజులూ ఆడుకోవచ్చు. పాత మండువా ఇళ్లలో వెడల్పుకి లోటుండదు గానీ మధ్యలో స్తంభాలొస్తాయి. కాంతి దారి కొలుచుకున్నాకే మేకు కొట్టండి.

పిఎస్5లో ఈ రిజల్యూషన్ ఎక్కడ పెట్టాలి?

పెట్టలేరు. పిఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 1080పి, 1440పి, 4కె లాంటి 16:9 సైజులే పంపుతాయి. కస్టమ్ రిజల్యూషన్ అన్నది కంప్యూటర్ సంగతి. కన్సోల్ బొమ్మని జూమ్ చేసి పైనా కిందా కత్తిరించొచ్చు గానీ, అలా చేస్తే లైఫ్ బార్, మ్యాప్ తెర బయటికి పోతాయి. పక్కలకి అదనంగా ఏమీ కనిపించదు కూడా. కన్సోల్‌కి 16:9 లోనే ఆడుకోండి.

## సెట్ చేసేటప్పుడు

ఎన్విడియా కార్డుంది. ఎక్కడ మొదలెట్టాలి?

ముందు ప్రొజెక్టర్‌ని దాని అసలు రిజల్యూషన్‌లో, 60 హెర్ట్జ్‌లో (సెకనుకి 60 సార్లు బొమ్మ మారే వేగంలో) మామూలుగా నడిపించండి. తరవాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "అడ్జస్ట్ డెస్క్‌టాప్ సైజ్ అండ్ పొజిషన్"కి వెళ్లి "నో స్కేలింగ్" ఎంచుకోండి. "పెర్ఫార్మ్ స్కేలింగ్ ఆన్" దగ్గర డిస్‌ప్లే కాకుండా జిపియు (అంటే గ్రాఫిక్స్ కార్డు) పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే, అసలు కీలకమూ ఇదే.

ఆ తరవాత "చేంజ్ రిజల్యూషన్"లో ప్రొజెక్టర్‌ని ఎంచుకుని, "కస్టమైజ్" నొక్కి, డిస్‌ప్లే చూపని రిజల్యూషన్లని అనుమతించే గడిలో టిక్ పెట్టి, "క్రియేట్ కస్టమ్ రిజల్యూషన్"లో 1920, 810, 60 రాయండి. టెస్ట్ చేసి సేవ్ చేయండి.

ఇప్పుడు ప్రొజెక్టర్ రిమోట్‌లో ఇన్ఫో మెనూ తెరవండి. లోపలికి వస్తున్న సిగ్నల్ 1920×1080 అని చూపిస్తే పని అయిపోయినట్టే. అంటే గ్రాఫిక్స్ కార్డు 810 వరసల బొమ్మని గీసి, చుట్టూ నలుపు చేర్చి, ప్రొజెక్టర్‌కి బాగా తెలిసిన 1080పి సిగ్నల్‌గానే పంపుతోంది. నా సలహా ఎప్పుడూ ఇదే: ఆకారం ఎలాంటిదైనా, ప్రొజెక్టర్‌కి చేరే సిగ్నల్ మాత్రం దానికి తెలిసినదే ఉండాలి. ఇన్ఫోలో 1920×810 అని కనిపిస్తే స్కేలింగ్ ఇంకా జిపియు మీదకి మారలేదని అర్థం.

ఏఎమ్‌డీ, ఇంటెల్ వాళ్లకి?

ఏఎమ్‌డీ అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే పేజీకి వెళ్లి "జిపియు స్కేలింగ్" ఆన్ చేయండి, స్కేలింగ్ మోడ్‌లో "సెంటర్" పెట్టండి. అదే పేజీలో కస్టమ్ రిజల్యూషన్స్ కింద 1920×810 సృష్టించండి. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లోనూ డిస్‌ప్లే విభాగంలోనే కస్టమ్ రిజల్యూషన్ ఉంటుంది. స్కేలింగ్ దగ్గర బొమ్మని మధ్యలో ఉంచే ఎంపిక తీసుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా ఉంది, కానీ కంట్రోల్ ప్యానెల్‌లో డిస్‌ప్లే విభాగమే లేదండి.

మీ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డిఎమ్‌ఐ పోర్టు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి కలిపి ఉంది. గేమ్‌ని ఎన్విడియా గీసినా, బొమ్మని బయటికి పంపేది ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్. కాబట్టి కస్టమ్ రిజల్యూషన్ కూడా ఆ చిప్ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టైప్-సి పోర్టు మాత్రం ఎన్విడియాకి నేరుగా వెళ్తుంది. అలాంటప్పుడు టైప్-సి నుంచి హెచ్‌డిఎమ్‌ఐకి మార్చే అడాప్టర్ వేస్తే ఎన్విడియా డిస్‌ప్లే విభాగం ప్రత్యక్షమవుతుంది.

2560×1080 పెడితే వచ్చింది గానీ మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు.

మీ ప్రొజెక్టర్ ఆ సిగ్నల్‌ని అంగీకరించింది, కానీ దాన్ని 16:9 ప్యానెల్ నిండా కుక్కింది. ప్రొజెక్టర్ మెనూలో అస్పెక్ట్ రేషియోని "ఆటో" లేదా "నేటివ్"కి మారిస్తే కొన్ని సర్దుకుంటాయి. సర్దుకున్నా ఆ బొమ్మని చివరికి 1920×810కే కుదిస్తుంది, ఆ కుదించే పనిలో అంచులు మసకబారతాయి. దానికన్నా 1920×810 నేరుగా గీయించడం మేలు. ఇంకా నునుపు కావాలంటే గేమ్‌లోనే రెండర్ స్కేల్‌ని (గేమ్ లోపల ఎంత పెద్దగా గీసి కుదించాలో చెప్పే సెట్టింగ్‌ని) 100 శాతం పైకి పెంచుకోండి.

సిఆర్‌యు వాడమంటున్నారు. ప్రొజెక్టర్ పాడవుతుందా?

సిఆర్‌యు అంటే కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే చిన్న విండోస్ ప్రోగ్రాం, అది ప్రొజెక్టర్‌ని ముట్టుకోదు. ప్రొజెక్టర్ "నేను ఇవి ఇవి చూపగలను" అని కంప్యూటర్‌కి పంపే సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. సిఆర్‌యు చేసేది విండోస్ రిజిస్ట్రీలో ఆ సమాచారానికి మరో రూపం పెట్టడమే. అందులో డీటెయిల్డ్ రిజల్యూషన్స్‌లో 1920×810 చేర్చి, దానితో పాటు వచ్చే రీస్టార్ట్ ఫైలు నడిపితే చాలు. తేడా వస్తే రీసెట్-ఆల్ ఫైలు ఉంది. దాన్ని డెస్క్‌టాప్ మీద ముందే పెట్టుకోండి, తెర నల్లబడ్డాక వెతుక్కోవడం కష్టం.

ప్రొజెక్టర్ తన వల్ల కాని సిగ్నల్ వస్తే "అవుట్ ఆఫ్ రేంజ్" అనో "నో సిగ్నల్" అనో చూపించి ఊరుకుంటుంది. డ్రైవర్ మెనూతోనే పని జరిగిపోతే మాత్రం సిఆర్‌యు జోలికి వెళ్లొద్దు.

అప్లై నొక్కగానే తెర నల్లగా అయిపోయింది!

ఏమీ నొక్కకుండా కూర్చోండి. విండోస్ సెట్టింగ్స్‌లో మార్పు ఖాయం చేయకపోతే 15 సెకన్లలో పాతది తిరిగొస్తుంది. రాకపోతే హెచ్‌డిఎమ్‌ఐ పీకేయండి, ల్యాప్‌టాప్ తెర మీద బొమ్మ వస్తుంది. అక్కడి నుంచి ఆ రిజల్యూషన్ తీసేయండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే ఇంట్లో టీవీకి కలపండి. విండోస్ సెట్టింగ్స్‌ని డిస్‌ప్లేకి విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి టీవీలో మామూలుగా వస్తుంది. అదీ కాకపోతే విండోస్‌ని సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్లతో) తెరవండి.

ఎక్కువ హెర్ట్జ్ కూడా పెట్టుకోవచ్చా?

ప్రొజెక్టర్ 1080పి దగ్గర 120 హెర్ట్జ్ తీసుకుంటుందని స్పెసిఫికేషన్‌లో ఉంటే పెట్టుకోండి. హెచ్‌డిఎమ్‌ఐ 1.4 కూడా దాన్ని మోయగలదు. 4కెలో 60 హెర్ట్జ్‌కి హెచ్‌డిఎమ్‌ఐ 2.0 కావాలి, 120కి 2.1. స్పెసిఫికేషన్‌లో లేని 75 హెర్ట్జ్ లాంటివి పెడితే బొమ్మ రావచ్చు, కానీ ప్రొజెక్టర్ లోపల ఫ్రేములు వదిలేసి 60కే చూపిస్తుంటుంది. కారు మలుపు తిరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపిస్తే అదే కారణం. పాత 3డి ప్రొజెక్టర్లు కొన్ని 1280×720లో మాత్రమే 120 తీసుకుంటాయి.

కీస్టోన్‌తో సరిచేశాక బొమ్మ మసగ్గా ఉంది.

కీస్టోన్ అంటే ప్యానెల్‌లో కొన్ని పిక్సెల్స్‌ని ఆర్పేసి మిగతావాటిలో బొమ్మని వంచి కూర్చడం. మీరు కష్టపడి ఒక్కో పిక్సెల్ లెక్కన పెట్టిన 1920×810 అక్కడ చెదిరిపోతుంది. చాలావాటిలో చెయ్యి నొక్కినదానికీ తెరమీద జరిగేదానికీ మధ్య ఆలస్యం కూడా పెరుగుతుంది. కీస్టోన్‌ని సున్నాకి తెచ్చి ప్రొజెక్టర్‌నే నిటారుగా బిగించండి. ఆటో కీస్టోన్ ఉంటే దాన్నీ ఆపేయండి, లేకపోతే ఫ్యాన్ గాలికి స్టాండ్ కదిలినా ఆట మధ్యలో మళ్లీ సర్దుకోవడం మొదలెడుతుంది.

## గేమ్‌లోకి వెళ్లాక

గేమ్ సెట్టింగ్స్‌లో 1920×810 కనిపించట్లేదు.

గేమ్ మూసేసి, ముందు డెస్క్‌టాప్‌నే 1920×810కి మార్చి, మళ్లీ తెరవండి. బోర్డర్‌లెస్ మోడ్‌లో (అంచుల్లేని కిటికీగా తెర నిండా) ఆడితే గేమ్ ఎలాగూ డెస్క్‌టాప్ సైజునే తీసుకుంటుంది. ఆట అయ్యాక డెస్క్‌టాప్‌ని 1080కి మార్చడం మరవొద్దు, టాస్క్‌బార్ గాల్లో తేలుతున్నట్టుంటే పెద్దవాళ్లు కంగారు పడతారు.

నాలుగు పక్కలా నలుపు వచ్చి మధ్యలో చిన్న బొమ్మ ఉంది. ఏం తప్పు చేశాను?

మీ తప్పేం లేదు, ఆ గేమ్ 16:9 దాటదు. ఎల్డెన్ రింగ్ ఇలాంటిదే. వెడల్పు తెర ఇస్తే పక్కల నలుపు పెడుతుంది. మీ 810 వరసల ఎత్తులో 16:9 అంటే 1440×810 బొమ్మ మాత్రమే మిగులుతుంది. వాలొరాంట్‌లో కూడా పక్కలకి అదనపు దృశ్యం ఇవ్వరు. అది పోటీ ఆట, పెద్ద తెర ఉన్నవాడికి లాభం రాకూడదని. ఇలాంటి వాటికి 1920×1080కే మారిపోండి. ఫోర్జా హొరైజన్ 5, సైబర్‌పంక్ 2077, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటివి 21:9ని చక్కగా అందుకుంటాయి.

21:9 పెట్టాక పక్కల ఎక్కువ కనబడాల్సింది పోయి పైనా కిందా కట్ అయింది.

గేములు రెండు రకాలు. కొన్ని ఎత్తుని అలాగే ఉంచి పక్కలు పెంచుతాయి. కొన్ని వెడల్పుని అలాగే ఉంచి పైనా కిందా కోసేస్తాయి. మీది రెండోది. సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (ఎంత వెడల్పు దృశ్యం కనబడాలో చెప్పేది) ఉంటే పెంచి చూడండి. లేకపోతే ఆ గేమ్‌కి 16:9 మేలు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ మరీ పెంచితే అంచుల్లో బొమ్మ సాగుతుంది. గోడంత తెరకి దగ్గరగా కూర్చున్నవాళ్లకి తల తిరిగేది దీనివల్లే.

810 వరసలే కదా, ఎఫ్‌పిఎస్ (సెకనుకి గీసే ఫ్రేములు) పెరుగుతుందా?

పెరుగుతుంది. 1080తో పోలిస్తే గీయాల్సిన పిక్సెల్స్ పాతిక శాతం తక్కువ. పక్కల అదనంగా కనిపించే వస్తువుల వల్ల అందులో కొంత ఖర్చవుతుంది గానీ మొత్తం మీద లాభమే. పాత ల్యాప్‌టాప్‌కి 4కె ప్రొజెక్టర్ కలిపేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

బటన్ నొక్కాక ఆలస్యంగా కదులుతోంది. కస్టమ్ రిజల్యూషన్ వల్లేనా?

కాదు. గ్రాఫిక్స్ కార్డు నలుపు చేర్చడానికి పట్టే సమయం చేతికి తెలిసేంత ఉండదు. ఆలస్యం ప్రొజెక్టర్ లోపలిది. గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఫ్రేముల మధ్య ఫ్రేములు కల్పించే మోషన్ స్మూతింగ్, నాయిస్ తగ్గించేవి, కీస్టోన్, డిజిటల్ జూమ్ అన్నీ ఆపండి. తరవాత కూడా తేడా ఉంటే బ్లూటూత్ కంట్రోలర్‌ని వైరుతో కలిపి చూడండి. శబ్దం ఆలస్యమైతే అది బ్లూటూత్ స్పీకర్ పుణ్యం.

రిజల్యూషన్ మార్చాక శబ్దం పోయింది.

హెచ్‌డిఎమ్‌ఐలో శబ్దం ప్రయాణించేది బొమ్మ వరసల మధ్య ఉండే ఖాళీ సమయంలో. కస్టమ్ టైమింగ్‌లో ఆ ఖాళీని బాగా తగ్గిస్తే శబ్దానికి చోటు చాలదు. "రెడ్యూస్డ్ బ్లాంకింగ్" తీసేసి ఆటోమేటిక్ టైమింగ్ పెట్టండి. సిఆర్‌యులో ఎక్స్‌టెన్షన్ బ్లాక్‌ని (ఈడీఐడీలో శబ్దం వివరాలుండే భాగాన్ని) పొరపాటున తొలగించినా కంప్యూటర్ ఆ ప్రొజెక్టర్‌ని శబ్దం లేని డిస్‌ప్లే అనుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు నుంచి 1080పి సిగ్నలే వెళ్తున్నప్పుడు సాధారణంగా ఈ గొడవ రాదు.

## గోడ, తెర, కరెంటు

నల్ల పట్టీలు నల్లగా లేవు, బూడిద రంగులో మెరుస్తున్నాయి.

ప్రొజెక్టర్ నలుపుని వేయలేదు, కాంతిని ఆపగలదంతే. ఎంత ఆపినా కొంత కారుతుంది. కానీ పట్టీలు మరీ తెల్లగా ఉంటే ముందు డ్రైవర్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా పంపే పరిధి, లిమిటెడ్ లేదా ఫుల్) చూడండి. కంప్యూటర్ లిమిటెడ్ పంపుతూ ప్రొజెక్టర్ ఫుల్ అనుకుంటే నలుపు బూడిదవుతుంది. రెండు చోట్లా ఒకటే పెట్టండి.

మిగిలిన దానికి మందు నల్ల వెల్వెట్ గుడ్డ. రెండు సన్నటి చెక్క పట్టీలకి బిగించి తెర పైనా కిందా ఆనిస్తే బొమ్మ ఒక్కసారిగా తేటగా కనిపిస్తుంది. కొన్ని ప్రొజెక్టర్లలో బొమ్మని ప్యానెల్ మీదే కిందికి జరిపే ఇమేజ్ షిఫ్ట్ ఉంటుంది. అది వాడితే నలుపంతా పైనే చేరుతుంది, ఒక్క గుడ్డ చాలు. సాటిన్ కొనొద్దు, మెరుస్తుంది.

జూమ్ చేసి 116 అంగుళాలకి పెంచితే వెలుగు తగ్గిపోయింది.

తగ్గుతుంది. అదే కాంతి 1.33 రెట్ల వెడల్పుకీ, అంతే ఎత్తుకీ పరుచుకుంటుంది. అంటే విస్తీర్ణం 1.78 రెట్లు, వెలుగు దాదాపు 56 శాతానికి దిగుతుంది. తెర మీదకి రాని పైపట్టీ, కిందపట్టీ గోడ మీద పడి కారిన కాంతి కనిపిస్తుంది. తెర చుట్టూ గోడకి ముదురు రంగు వేయిస్తే అది మాయమవుతుంది. పగలు ఆడాలనుకుంటే జూమ్ వద్దు, 87 అంగుళాల్లోనే ఉండండి.

ఫ్లెక్స్ షాపులో తెల్ల ఫ్లెక్స్ తెచ్చి కడితే సరిపోతుందా?

సరిపోతుంది, మెరుపు లేనిది దొరికితే. మెరిసే రకానికి మధ్యలో ఒక వెలుగు మచ్చ కనిపిస్తుంది, 21:9లో అంచులు మరీ డల్‌గా తోస్తాయి. షాపులో ఫోన్ టార్చి వేసి చూడండి. మచ్చ గట్టిగా మెరిస్తే వద్దు. మడిచి తేవద్దు, గొట్టానికి చుట్టి తెండి. మడత గీత పక్కనుంచి కారు వెళ్లిన ప్రతిసారీ వంకరగా కనిపిస్తుంది.

పండక్కి మేడ మీద పెట్టుకుంటాం. ఏమైనా జాగ్రత్తలు?

మన వైపు జనవరి రాత్రుళ్లు మంచు బాగా కురుస్తుంది. కాలవ గట్టున, చెరువుల పక్కన ఇల్లయితే ఇంకా ఎక్కువ. ప్రొజెక్టర్ పైన చిన్న పందిరి వేయండి, గాలి వెళ్లే దారులు మాత్రం మూయకండి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే ఆన్ చేస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. అరగంట బయట ఉంచి తుడవకుండా ఆరనివ్వండి.

వరి చేలు దగ్గరుంటే పచ్చ దీపపు పురుగులు కాంతి కోసం ఎగబడతాయి. వాటికోసం దూరంగా ఇంకో దీపం వెలిగించండి. అక్కడికీ ఫిల్టర్‌లో కొన్ని దూరుతాయి, మర్నాడు ఫిల్టర్ విప్పి దులపండి. ఏడాదంతా వాడకుండా బీరువాలో పెట్టేవాళ్లు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. ఈ తేమకి లెన్స్‌లో బూజు పట్టడం మామూలే.

ఆట మధ్యలో కరెంటు పోయి వస్తే రిజల్యూషన్ మారిపోతోంది.

ప్రొజెక్టర్ ఆరి వెలిగేటప్పుడు కంప్యూటర్ దాన్ని కొత్తగా గుర్తిస్తుంది. మధ్యలో హెచ్‌డిఎమ్‌ఐ స్విచ్ గానీ ఏవీ రిసీవర్ గానీ ఉంటే అది వేరే డిస్‌ప్లే అనుకుని 1080కి వెళ్లిపోతుంది. ల్యాప్‌టాప్‌ని నేరుగా కలిపి, ఎప్పుడూ ఒకే పోర్టు వాడండి.

ఇంటి ఇన్వర్టర్ మీద ఆడుతుంటే దాని వెనక "యుపిఎస్ మోడ్" స్విచ్ ఉందేమో చూడండి. అది వేస్తే మార్పిడి త్వరగా జరిగి ప్రొజెక్టర్ ఆరకపోవచ్చు. ల్యాంప్ ఉన్న ప్రొజెక్టర్‌కి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఫ్యాన్ తిరిగి చల్లబడకుండా హఠాత్తుగా ఆగితే ల్యాంప్ ఆయుష్షు తగ్గుతుంది. ఎల్‌ఈడీ, లేజర్‌లకి ఆ బాధ తక్కువ. తుపాను హెచ్చరిక ఉన్న రోజున ప్లగ్గే పీకి పెట్టండి.

కొత్తిల్లు కడుతున్నాం. స్లాబ్‌లో హెచ్‌డిఎమ్‌ఐకి ఏ పైపు వేయించాలి?

ఎలక్ట్రీషియన్ మామూలుగా వేసే ముప్పావు అంగుళం పైపులో హెచ్‌డిఎమ్‌ఐ ప్లగ్గు దూరదు. రెండు అంగుళాల పైపు వేయించండి, మలుపులు తొంభై డిగ్రీల మోచేతులతో కాకుండా మెల్లగా వంగేలా చూడమనండి. లోపల లాగడానికి ఒక తీగ వదలమనండి. దూరం పది మీటర్ల వరకు ఉండి 1080పి చాలనుకుంటే మంచి రాగి కేబుల్ పనిచేస్తుంది. అదే దూరంలో 4కె 60 హెర్ట్జ్ కావాలంటే ఆప్టికల్ హెచ్‌డిఎమ్‌ఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది. "సోర్స్" అని రాసిన కొస కంప్యూటర్ వైపు, "డిస్‌ప్లే" అని రాసిన కొస ప్రొజెక్టర్ వైపు. పైపులోకి లాగేముందే రెండు కొసలూ కలిపి బొమ్మ వస్తుందో లేదో చూసుకోండి.